కేకకొచ్చిన వైఫై

వెలిగండ్ల దగ్గరి ఆ ఊళ్లో మాలకొండమ్మ కేక వేసిందంటే కొండ మీద మేస్తున్న గొర్రెలే కాదు, కదిలిపోయిన బస్సు కూడా వెనక్కి వచ్చేది. ఎవరి చెంబు పోయినా, కోడి పోయినా కేకేసి పిలవమని నేరుగా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆమె కోడలు స్వర్ణలత గొంతు మాత్రం పక్క గదికి కూడా వినపడదు. కోడలన్నాక మెల్లగా మాట్లాడాలని పుట్టింట్లో నేర్పి పంపారు, ఆ పిల్ల మరీ బాగా నేర్చుకుంది. ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం కావాలని ఆమె ఆశ. ఇప్పటికే రెండు ఇంటర్వ్యూలు మధ్యలో తెగిపోయాయి. వైఫై డబ్బా ఉన్న ముందు వసారాలో పొద్దస్తమానం గొర్రెల బేరగాళ్ల గోల. వెనక గది ప్రశాంతమే గానీ, అంత లావు రాతిగోడ దాటి నెట్టు రాదు. రేపటి ఇంటర్వ్యూ కూడా పోతే ఇక ఉద్యోగం మాటే ఎత్తనని భర్త నరేష్‌తో చెప్పి ఏడ్చింది.

నరేష్ డబ్బాను అటకెక్కించాడు, వాకిలి పైన కట్టాడు. సిగ్నల్ పెంచుతుందంటే కనిగిరి నుంచి ఇంకో డబ్బా తెచ్చాడు. ఒక గీత వచ్చి పోయింది.

"దానికి పేరుండాదా?" అని అడిగింది మాలకొండమ్మ.

నరేష్ ఫోన్లో చూసి చదివాడు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు.

"అట్ల పిలిస్తే గొర్రె గూడ రాదు గదరా. నోరు తిరిగే పేరు పెట్టు."

వైఫైకి గొర్రెకు పెట్టినట్టు 'బొల్లి' అని పేరు మార్చాడు. మాలకొండమ్మ వెనక గది గుమ్మంలో నిలబడి "దా బొల్లీ, దా!" అని కేకేసింది. ఫోన్లో గీతలు నిండుగా లేచాయి.

మర్నాడు ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు గడిచాయో లేదో, తెర మీద మేడం బొమ్మ బిగుసుకుపోయింది. స్వర్ణలత ఫోన్ పట్టుకొనే బయటికి పరుగెత్తింది. అప్పటికే మాలకొండమ్మ మందను తోలుకొని కొండదారి పట్టింది. ఆమె కేకకు వచ్చిన వైఫై ఆమె వెంట పోకుండా ఉంటుందా? ఆ సంగతి అంతవరకూ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

"నువ్వే పిలువు," అన్నాడు నరేష్.

"నేనా? బేరగాళ్లుండారు. ఏమనుకుంటారు?"

"ఉద్యోగం పోతాది."

మొదటి పిలుపు వాకిలి కూడా దాటలేదు. స్వర్ణలతకు తన గొంతు మీద తనకే కోపం వచ్చింది. కొంగు నడుముకు దోపి, ఊపిరంతా కూడదీసుకొని "దా బొల్లీ, దా!" అని అరిచింది. బేరగాళ్లు నోళ్లు తెరిచి చూశారు. కొండదారిలో మంద గిరుక్కున మళ్లింది. గొర్రెలు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి, ఫోన్లో గీతలు ఒక్కొక్కటే లేచాయి. అన్నిటికన్నా వెనక, ఎందుకొస్తున్నానో తనకే తెలియనట్టు, మాలకొండమ్మ వస్తోంది.

"నా మాట వినపడుతోందా?" అంది తెర మీద మేడం.

"వినపడతాంది మేడం. చెప్పండి," అంది స్వర్ణలత, వసారాకంతా వినపడేలా.

మాలకొండమ్మ బేరగాళ్ల వైపు తిరిగి, ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించింది.

"గమ్మునుండండయ్యా. నా కోడలు మాట్లాడతాంది."

ఉద్యోగం వచ్చింది. ఆ కబురు అత్తకు చెప్పడానికి స్వర్ణలత కొండ దాకా పోలేదు. వాకిట్లో నిలబడి పిలిచింది.