వెల్లకిలా ఈదే జెల్ల

గ్యాసు పొయ్యి మీద రెండో కెటిల్ కూడా మరిగింది. అప్పలస్వామి ఆ నీళ్లు రబ్బరు సంచుల్లో పోసి, బిరడాలు బిగించి, పేషెంట్లు కూర్చునే గదిలోని చేపల తొట్టి చుట్టూ ఆనించాడు. పైన తన ఊలు కోటు కప్పాడు. బొగ్గుగనుల సమ్మె. లీసెస్టర్‌లో ఈ పేటకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా కరెంటుండదు, హీటరు పనిచెయ్యదు. తొట్టిలో ఉన్నది వేడిదేశపు చేప. దాన్ని చలికి చావనిస్తే తాను ఇన్నేళ్లు ఈ దేశంలో ఎందుకున్నట్టని ఆయన పంతం. థర్మామీటరును ఖాతరు చెయ్యడు. పసిబిడ్డకు లాలపోసే తల్లిలా నీళ్లలో మోచెయ్యి ముంచి చూస్తాడు.

విశాఖ రేవులో ఓడెక్కి, పదిహేనేళ్లు ఇంజను గదిలో బొగ్గు ఎగదోసి, చివరికి డాక్టర్ వైదేహి సర్జరీలో, అంటే ఇక్కడి క్లినిక్కులో, ఊడ్చే పనికి కుదిరాడు. పెళ్లీ పెటాకులూ లేవు. ఉన్నదల్లా ఈ వేలెడు జెల్ల.

ఈ జెల్లల జాతికే ఒక తిక్క. పొట్ట పైకి పెట్టి వెల్లకిలా ఈదుతాయి. కొత్త పేషెంటు ఎవరొచ్చినా చేప చచ్చిపోయిందని కబురు మోసుకొస్తారు. అప్పలస్వామి చీపురు ఆపి, "నో డెడ్, మేడమ్. హాలిడే," అంటాడు. తొమ్మిదేళ్లుగా అదే మాట. ఇంకెవరికైనా విసుగొచ్చేది.

పదకొండింటికి వైదేహి వచ్చి, కోటు ఎత్తి చూసి, మురిసిపోయింది.

"బాబాయ్, ఇవాళ బుద్ధిగా అన్ని చేపల్లా బోర్లా ఉంది. కాస్త దారిన పడినట్టుంది."

ఆయన వంగి చూశాడు. జెల్ల ఇసుక మీద పొట్ట ఆనించుకుని ఉంది. మీసాలు మాత్రం ఆడుతున్నాయి. గబగబా మోచెయ్యి ముంచాడు. నీళ్లు వెచ్చగానే ఉన్నాయి.

"దారిన పడనేదు డాక్టరమ్మా. దానికి ఓపిక అయిపోనాది. ముసిల్ది కదా," అన్నాడు. తడి మోచెయ్యి తుడుచుకుని, "సలికి మాత్రం కాదు. అది సాలు నాకు," అన్నాడు.

వైదేహి నాలుక కరుచుకుంది. తనే టీ కలిపి తెచ్చి, ఆయన పక్కన కూర్చుని తాగింది.

సర్జరీ మూసే వేళకు మీసాలు ఆగాయి. అప్పలస్వామికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తర్వాత జెల్లను పెరట్లో గులాబీ మొదట్లో పాతి, చేతులు కడుక్కున్నాడు. ఆకలేసింది. ఇంటికెళ్లి చారు పెట్టుకుందామనుకుని బస్సెక్కాడు.

తొట్టిలో ఒక సగం కొబ్బరిచిప్ప బోర్లించి ఉంది. దాని లోపలి కప్పున, జెల్ల రోజూ వెల్లకిలా పొట్ట ఆనించి పడుకున్న చోట, వేలెడు మేర పాచి పట్టకుండా నున్నగా ఉంది.