అద్దంకి వరకే

మా ఆయన గౌస్ బాషాకు దూది ఏకడం వచ్చు, పరుపు కుట్టడం వచ్చు. బేరం చెప్పడం రాదు, అర్జీ రాయడం అసలే రాదు. ఈ సంగతి నాకు పెళ్లయిన ఏడే తెలిసింది. గవర్నమెంటుకు తెలియడానికి పందొమ్మిదివందల యాభై ఎనిమిది దాకా పట్టింది.

ఆ ఏడు మా ఆడబిడ్డ షాజాదీ కరాచీ నుంచి వచ్చింది. ఆమె మొగుడు మొహిద్దీన్ బాషా చీరాలలో పొగాకు కంపెనీలో పనిచేసేవాడు. దేశం రెండుగా అయిన రోజుల్లో పైఅధికారి ఒకాయన కరాచీలో కొలువు ఉంది రమ్మంటే, రెండేళ్లు చేసి వచ్చేద్దామని పెళ్లాన్ని తీసుకుని పోయాడు. ఇంతలో రెండు దేశాలకూ మధ్య పాస్‌పోర్టులనీ వీసాలనీ వచ్చి పడ్డాయి. అద్దంకిలో పుట్టి, అద్దంకిలో పెరిగి, మా చేతుల మీదుగా అత్తారింటికి పోయిన పిల్ల మాకు పరాయి దేశస్థురాలైంది. తల్లీకూతుళ్లు మొహాలు చూసుకుని అప్పటికి పదేళ్లు.

వీసా అర్జీలో, ఏయే ఊళ్లు వెళ్లదలచుకున్నారో రాయమని ఒక గడి ఉందట. ఏం రాయమంటారని మొహిద్దీన్ ఉత్తరం రాశాడు. నేను అప్పుడే చెప్పాను, కనిగిరి కూడా రాయించమని. మా పెద్దాడబిడ్డ గుల్జార్ కాపురం అక్కడే.

"ఎక్కువ ఊళ్లు రాస్తే అనుమానపడతారే. ఈవిడ చుట్టాల్ని చూడ్డానికి వస్తందా, దేశం చుట్టడానికి వస్తందా అంటారు. అద్దంకి ఒక్కటే చాలు. నీకేం తెలుసు, ఊరుకో," అన్నాడు మా ఆయన.

ఊరుకున్నాను. అదే నేను చేసిన పాపం.

వీసా రావడానికి ఏడాది పట్టింది. ఈలోగా గుల్జార్ కూతురికి నెలలు నిండాయని, పురుడు పోయడానికి మా అత్త జైతున్‌బీ కనిగిరి పోయింది. షాజాదీ ఓడెక్కింది, మా ఆయన ఆమెను తీసుకురావడానికి బొంబాయి పోయాడు. సరిగ్గా ఆ వారంలోనే ముసలామె బావి దగ్గర నాచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన వైద్యుడు మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నాడు. ఎద్దుబండి కుదుపులకు ఎముక మళ్లీ తప్పుతుందని గట్టిగా చెప్పాడు. ఆ కబురు షాజాదీకి చెప్పే పని నా నెత్తిన పడింది.

షాజాదీ బస్సు దిగి నన్ను కావలించుకుంది. కావలించుకునే నా భుజం మీదుగా వెనక్కి చూసింది.

"అమ్మేది వదినా?"

చెప్పాను. అక్కడే రోడ్డు పక్కన పెట్టె మీద కూలబడింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "సరే, రేపు పొద్దున్నే కనిగిరి బస్సెక్కుదాం," అంది.

అంతకంటే ముందు పోలీస్ స్టేషన్‌కు పోవాలి. పైదేశం నుంచి వచ్చినవాళ్లు దిగిన రోజే అక్కడ పేరు రాయించుకోవాలట. నేనూ వెంట వెళ్లాను. అక్కడ పుస్తకం ముందు కూర్చున్న కానిస్టేబులు ఎవరనుకున్నారు? మంత్రసాని కొండమ్మ కొడుకు ఏసోబు. వాడూ షాజాదీ చిన్నప్పుడు మా దూదికుప్పల్లో దొర్లి ఇద్దరూ కలిసే మా అత్త చేత తన్నులు తిన్నారు. వాడు షాజాదీని చూసి లేచి నిలబడ్డాడు, మళ్లీ ఉద్యోగం గుర్తొచ్చి కూర్చున్నాడు.

"ఏ దేశస్థులు?" అని అడిగాడు తల వంచుకుని.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమయ్యా ఏసోబూ, కళ్లు దొబ్బాయా? దీని బొడ్డు కోసింది మీ అమ్మ. పోయి ఆమెనడుగు ఏ దేశమో!"

"వదినా, అట్టా అరవమాక. లోపల ఎస్సై గారున్నారు. నేనడక్కపోయినా ఈ గడి అడుగుద్ది." వాడు రాసుకుని, వీసా కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఇందులో అద్దంకి ఒక్కటే ఉందమ్మాయ్ షాజాదీ. కనిగిరి లేదు. పైగా కనిగిరి మన గుంటూరు జిల్లా కూడా కాదు, నెల్లూరు జిల్లా. నువ్వు ఈ ఊరు దాటకూడదు."

ఎస్సై గారు మంచాయనే. కుర్చీ వేయించి మంచినీళ్లిప్పించాడు. ఇంకో ఊరు చేర్చాలంటే కాగితం గుంటూరు పోవాలి, అక్కణ్ణుంచి పైకి పోవాలి, అది తిరిగొచ్చేలోగా ఈమెకిచ్చిన నెల గడువు తీరిపోతుంది అన్నాడు. తన చేతిలో ఏమీ లేదమ్మా అన్నాడు. ఆయన మంచితనం మమ్మల్ని ఒక్క మైలు కూడా ముందుకు జరపలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన గొంతు తగ్గించి, "దుప్పటి కప్పుకుని బండిలో కూర్చుంటే ఎవడు చూస్తాడు? పోయొద్దాం," అన్నాడు.

షాజాదీ తల అడ్డంగా ఊపింది. "దొరికితే మళ్లీ జన్మలో వీసా ఇవ్వరన్నా. ఒక్కసారి చూసుకుని శాశ్వతంగా పోగొట్టుకోమంటావా?"

మా ఆయన నోరు మూసుకున్నాడు. అర్జీ నాడే మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! ఆ మాట పైకే అన్నాను.

కనిగిరి బస్సు డ్రైవరుతో మా అత్తకు కబురు పంపాం. ఆయన తెచ్చిన జవాబు వింటే మా ముగ్గురికీ మెతుకు దిగలేదు. "సముద్రం దాటొచ్చినదానికి కనిగిరి దూరమైందా? తల్లిని చూడ్డానికి పోలీసోడి సెలవెందుకు? కరాచీ పోయి దొరసాని అయ్యుంటుంది. వస్తే రమ్మనండి, లేకపోతే వచ్చిన ఓడలోనే పొమ్మనండి. నేను మటుకు మంచం దిగను." డ్రైవరు పాపం ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

షాజాదీ పొద్దువాలే వేళ కొట్టంలోకి పోయింది. మా ఆయన దూది ఏకుతూ ఉంటే, విల్లు తాడు చప్పుడు వింటూ గడప మీద కూర్చుంది.

"అన్నా, ఎముక మళ్లీ తప్పుద్దని కదా భయం? కుదుపు తెలీని పరుపు కుట్టలేమా?" అంది.

మా ఆయన విల్లు ఆపాడు. మా వంశంలో పెళ్లిళ్లకు పరుపులు కుట్టారు, పురుళ్లకు కుట్టారు. ఎద్దుబండికి ఎవరూ కుట్టలేదు.

కొత్త పత్తి తెచ్చాం. ఒకసారి ఏకిన దూదిని మళ్లీ ఏకాడు మా ఆయన. కొట్టమంతా తెల్లగా ఎగిరింది, నా జుట్టు చూసి షాజాదీ వచ్చాక మొదటిసారి నవ్వింది. మామూలు పరుపుకు రెండింతల దూది పెట్టాం, తుంటి కింద ఇంకో పొర వేశాం. కుట్టుపని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు షాజాదీ. దబ్బనం దింపుతుంది, లాగుతుంది, ముడి వేస్తుంది, మధ్యలో కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

"పక్కకు తిరిగి ఏడవ్వే తల్లీ. దూది తడిస్తే ఉండకడుతుంది," అన్నాను. నా కళ్లూ బాగాలేవు, కానీ నేను పక్కకు తిరిగే ఏడ్చాను.

పరుపు బాడుగ బండిలో వేసుకుని నేనూ మా ఆయనా కనిగిరి పోయాం. మా అత్త మమ్మల్ని చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. గుల్జారూ నేనూ కలిసి ఆమెను మెల్లగా ఎత్తి కొత్త పరుపు మీద పడుకోబెట్టాం. ముసలామె చెయ్యి అలవాటు కొద్దీ పరుపును తడిమింది. ఒక ముడి దగ్గర ఆగింది. దాన్ని వదిలి ఇంకో ముడి వెతికింది. తర్వాత తలవైపు తడిమింది.

"తలవైపు ముడులు బిగించొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో దీనికి," అంది గోడతో. "ఎప్పుడు కుట్టింది?"

"మొన్ననే అత్తా. మీ దొరసానే."

"మరి పరుపును పంపింది గానీ తను రాలేదేమే?"

"దాని కాగితంలో అద్దంకి వరకే ఉంది. పరుపుకు వీసా అక్కర్లేదు, అందుకని దీన్ని పంపింది. దాటొస్తే మళ్లీ ఈ జన్మకు రానివ్వరు. నిన్ను ఒక్కసారి చూస్తే చాలదంట అత్తా, మళ్లీ మళ్లీ చూడాలంట. అందుకే ఊరు దాటలేదు."

మా అత్త మొహం ఇటు తిప్పింది.

"కాగితంలో కనిగిరి ఎందుకు లేదు? ఎవడు రాయించాడు?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఎద్దులకు నీళ్లు పెట్టాలని లేచాడు.

"నువ్వేనంట్రా వెధవా! ఆ బుర్రలో కూడా దూదేనా?" అంది కన్నతల్లి. అని, "బండి కట్టు," అంది.

దారి పొడవునా నేను ఎద్దుల కంటే ముందు రాళ్లు చూశాను. గతుకు వచ్చినప్పుడల్లా బండివాణ్ణి తిట్టాను, మా ఆయన్ను తిట్టాను, రోడ్డేసినవాణ్ణి తిట్టాను. మా అత్త మాత్రం కిక్కురుమనలేదు. ఎలా ఉందని అడిగితే, "నా కూతురు కుట్టిన పరుపే. నీకేం భయం, నడువు," అనేది.

వస్తున్నామని ముందే బస్సు డ్రైవరుతో కబురు పంపాం కాబట్టి, అద్దంకి పొలిమేరలో మైలురాయి పక్కన షాజాదీ నిలబడి ఉంది. పక్కన ఏసోబు, యూనిఫారం లేకుండా, గొడుగు పట్టుకుని. "ఇక్కడిదాకా అద్దంకే వదినా, నేను చూసుకున్నాలే," అన్నాడు నన్ను చూడగానే. వాణ్ణి తిట్టిన తిట్లన్నీ ఆ క్షణం వెనక్కి తీసుకున్నాను.

బండి ఆగకముందే షాజాదీ ఎక్కేసింది. తల్లి పక్కన పడుకుని ఆమె మెడలో మొహం దాచుకుంది. పదేళ్ల తర్వాత కూతురితో మా అత్త అన్న మొదటి మాట ఇది: "ఒసేయ్, తలవైపు ముడులు అంత బిగిస్తారటే?"

ఇద్దరూ నవ్వారో ఏడ్చారో మాకు తెలియలేదు. బండి ఊళ్లోకి పోయేదాకా అదే వరస.

మిగిలిన రోజులు మా ఇల్లు మాది కాదు, వాళ్లిద్దరిదీ. ఒకే పరుపు మీద పడుకుని ఒకటే కబుర్లు. నేను వండి పెట్టడానికి, తిట్లు తినడానికి. వెళ్లే రోజు వచ్చింది. పొద్దున్నే షాజాదీ స్టేషన్‌లో సంతకం పెట్టొచ్చింది. మా అత్త ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది.

"నీ కాగితంలో ఏ ఊరుంది?"

"అద్దంకి అమ్మా."

"అయితే నేనూ అద్దంకి దాటను. నువ్వెప్పుడొచ్చినా నేను ఇక్కడే ఉంటా. పోయిరా."

ఏదో వెళ్లే బిడ్డకు చెప్పే మాటలే అనుకున్నాను. కాదు. ఎముక అతుక్కుంది, కర్ర పట్టుకుని నడిచింది, మిరప కల్లాల దాకా పోయి కూలీల మీద అరిచి వచ్చేది. ఊరు మాత్రం దాటలేదు. కంట్లో పొర కమ్మితే ఒంగోలు డాక్టరు దగ్గరకు పోదామన్నాం, రానంది. గుల్జార్ కొడుకు పెళ్లికి బండి పంపితే, పెళ్లివాళ్లనే ఇక్కడికి రమ్మంది. "నిన్నెవరడిగారత్తా వీసా? నీ దేశం నీదే కదా!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినలేదు.

నాలుగేళ్లకు షాజాదీ మళ్లీ వచ్చింది. ఈసారి మొహిద్దీన్ భయంతో గడి నిండా ఊళ్లు రాసి పంపాడట: అద్దంకి, కనిగిరి, ఒంగోలు, చీరాల, గుంటూరు. షాజాదీ బస్సు దిగి ఇంటికొచ్చి, తల్లి ముందు కాగితం పట్టుకుని ఆ ఊళ్లన్నీ గర్వంగా చదివింది.

మా అత్తకు అప్పటికి చూపు సరిగా ఆనడం లేదు. కూతురి మొహం తడిమి చూసుకుంది. "అన్ని ఊళ్లు ఎందుకే పిచ్చిదానా? ఇక్కడే ఉంటానని చెప్పాగా," అంది, ఆ పాత పరుపు మీద కాస్త పక్కకు జరుగుతూ.