తుప్పు కడిగేసిన బోరు

నేను ఒక బంకమట్టి రేణువును. ఎనభై అడుగుల లోతున, ఒక బోరు గొట్టం పక్కన ఉండేదాన్ని. ఒంటినిండా ఇనుప తుప్పు. తుప్పంటే మనుషులకు రోత. నాకు మనుషులంటే రోత. ఎందుకో చెబుతాను.

ఆ బోరు మణెమ్మ, మొగులయ్యలది. వాళ్లూ, వాళ్ల బర్రెలూ తాగేది ఆ నీళ్లే. వాళ్ల పొలం గట్టు అవతల మందుల కంపెనీ. మూడేళ్ల కిందట దాని సూపర్‌వైజర్ రఘోత్తం ఎండిపోయిన బోరొకటి చూసుకుని, అందులోకి ట్యాంకర్ల కొద్దీ మురుగు దించడం మొదలుపెట్టాడు. వాన పడిన రోజు ఎవరి కంటా పడదని మరీ హుషారు. "భూమితల్లి అన్నీ తాగుతది లే" అని నవ్వడం గొట్టంలోంచి విన్నాను. ఛీ, ఏం కొడుకండీ! తల్లి నోట్లో విషం పోసి, పైగా దండం పెట్టే రకం.

ముక్కు లేని నాకే వాంతి వచ్చేది. ఆ విషం మణెమ్మ బోరు వైపు పాకుతూ వచ్చి నా ఒంటికి అంటుకునేది. అంటుకోగానే నా తుప్పులోని ఇనుము దాని కీళ్లు విరిచేది. విరిగిన ముక్కల్ని మళ్లీ విరిచేది. నాలాంటి రేణువులు కోట్లకు కోట్లు అదే పని చేసేవి, కాబట్టి చాలావరకు విషం పైదాకా పోయేది కాదు. కాకపోతే నీళ్లు కాస్త ఎర్రగా వచ్చేవి.

ఆ ఎరుపే మొగులయ్యకు గిట్టలేదు. తెల్ల ధోతి ఉతికినప్పుడల్లా ఇటుకరంగు తిరిగేది. పైగా కోడలు శ్యామలకు ఏడో నెల, శ్రీమంతానికి ఆమె పుట్టింటివాళ్లు వస్తున్నారు. "వాళ్ల ముంగట గీ తుప్పు నీళ్లు పెడతమా? ఇజ్జత్ పోతది" అన్నాడు. బోర్లు కడిగేవాణ్ని పిలిచి డబ్బాల కొద్దీ యాసిడ్ పోయించాడు.

అమ్మో, ఆ మంట! నా ఇనుమంతా కరిగి కాలవ పాలైంది. నేను బోసిగా మిగిలాను. మర్నాటి నుంచి నీళ్లు తేటగా వచ్చాయి. "సూడే, కొబ్బరినీళ్ల లెక్కున్నయి!" అని మొగులయ్య పెళ్లాన్ని పిలిచి చూపించి మురిసిపోయాడు. రఘోత్తం పోసిందంతా ఆ నీళ్లలోనే ఉంది, కంటికీ ముక్కుకీ అందనంత పలచగా. దాన్ని ఆపడానికి ఇక మా దగ్గర ఏమీ లేదు. నేనూ ఆ నీళ్లతోనే కొట్టుకొచ్చి బిందెలో పడ్డాను.

శ్రీమంతానికి రఘోత్తం కూడా పండ్లబుట్ట పట్టుకుని వచ్చాడు. ఊరివాళ్లతో మంచిగా ఉండాలి కదా మరి! మణెమ్మ స్టీలు గ్లాసు నిండా నీళ్లు ముంచి ఇచ్చింది. ఆ గ్లాసులోకి నేనూ వచ్చాను.

"వద్దమ్మా, ఇప్పుడే తాగిన" అంటూనే అతను సంచీలోంచి సీసా తీసి గటగటా తాగాడు.

మణెమ్మ చిన్నబోయింది. "మా ఇంట్ల నీళ్లు తాగరా సారూ? బోరు కడిగించినం. సూడుండ్రి, ఎంత తెల్లగున్నయో."

"డాక్టరు సీసా నీళ్లే తాగుమన్నడు" అన్నాడు గ్లాసు వంక చూడకుండా.

థూ! నాకంటే నోరు లేదు. నీకుంది కదరా, ఒక్క మాట చెప్పలేవూ?

పీట మీద కూర్చున్న శ్యామల చెయ్యి చాచింది. "ఇటియ్యి అత్తమ్మా, నాకు దూపైతుంది."

గ్లాసు చేతులు మారింది. రఘోత్తం చూస్తూనే ఉన్నాడు. శ్యామల దింపకుండా తాగేసింది, అడుగున నేనొక్కదాన్నే మిగిలాను. అతను పళ్లెంలోంచి అక్షింతలు తీసుకుని ఆమె తల మీద వేశాడు.

"నీ కడుపు చల్లగుండ, బిడ్డా" అన్నాడు.