అక్క పలువరుస

మైనం గట్టిపడకముందే ఆమె ముక్కల మీంచి వేళ్లు తీసేసింది. తొందరపడ్డానని తెలిసినా ఆగలేదు. మైనంతో అతికిన రెండు ముక్కల అడుగున ప్లాస్టర్ పోసి, అది బిగుసుకునేలోగా కిటికీ దాకా వెళ్లింది, సింకు దగ్గరికి వచ్చింది, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

"ఇవాళేంటమ్మా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అన్నాడు పళ్లసెట్ల ల్యాబు యజమాని, ముందుగదిలోంచి తొంగిచూసి.

"అక్క పళ్లండీ. పొద్దున విరిగాయి."

ఆయన తల వెనక్కి తీసుకున్నాడు. ఇక మందులతో లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రివాళ్లు చెప్పిన సంగతి ఆయనకు తెలుసు.

మూడు ముందుపళ్లు, వాటిని మోసే గులాబీరంగు ప్లేటు, చెరోపక్క సొంతపళ్లను పట్టుకునే తీగ కొక్కేలు. పని నేర్చుకున్న కొత్తలో ఆమె మొదటిసారి సొంతంగా చేసిన సెట్టు అది. మళ్లీ మళ్లీ విరిగి, మళ్లీ మళ్లీ అతికించుకుని, ఒక్కో అతుకు ఒక్కో రకం గులాబీగా, బొంతలా తయారైంది. కొత్తది చేసిస్తానంటే అక్క వినేది కాదు. "నా నోటికి ఇదే అలవాటైంది. నీ చేతిపని కదే, కాస్త గుచ్చినా తియ్యగానే ఉంటుంది," అని నవ్వేది. అమ్మానాన్నా పోయాక సబ్బుల ఫ్యాక్టరీలో పెట్టెలు మోసి చెల్లెల్ని ఈ పనిలో పెట్టింది ఆవిడే. ఆ పెట్టెలతోనే మెట్ల మీద జారిపడి పళ్లు పోగొట్టుకుందీ ఆవిడే.

పొద్దున ఆవిడ దుప్పటి ముక్కు దాకా లాక్కుంది. "ఎవరొచ్చినా నిద్రపోతోందని చెప్పవే," అంది, మాటల సందున గాలి పోతుంటే. కాపలా కూర్చున్న పక్కింటావిడ ముందు కూడా నోరు విప్పలేదు. పాలు సైతం తాగలేదు.

ప్లాస్టర్ బిగిసింది. ఆమె ముక్కలు విడదీసి, విరిగిన అంచులు ఏటవాలుగా అరగదీసి, ప్లాస్టర్ గాడిలో తిరిగి అమర్చి, సందులో గులాబీరంగు అతుకు పొడి చల్లి, దాన్ని గట్టిపరిచే ద్రవం చుక్కలు చుక్కలుగా వేసింది. గోరువెచ్చటి నీళ్లున్న ప్రెషర్ పాత్రలో పెట్టి మూత బిగించింది. తీశాక, ఎప్పుడో తీసి దాచిన అక్క నోటి అచ్చు మీద పెట్టి నొక్కితే ఒకపక్క పైకి లేచింది. కాలు పొట్టిదైన కుర్చీలా ఊగింది.

తన అతుకును తనే కోసేసింది. రంపపు మోతలో అక్క గొంతు వినిపించినట్టయింది: నిదానం ప్రధానమే, చిన్నదానా.

ఈసారి ముక్కల్ని ఆ అచ్చు మీదే పేర్చి, మైనం చల్లారేదాకా పట్టుకుంది. వేళ్లు కదల్లేదు. బల్ల కింద పాదాలు మాత్రం నేలను తడుతూనే ఉన్నాయి.

సాయంత్రం ఆమె ఇంటికి రాగానే పక్కింటావిడ లేచి వెళ్లింది. అక్క సెట్టు పెట్టుకుంది. కొక్కేలు టక్కుమని పట్టుకున్నాయి. దుప్పటి కిందికి జారింది.

"ఆపిలుందా?"

"మెత్తగా తరిగి పెడతానుండక్కా."

"తరగడమెందుకూ? కొరుక్కుంటాను. పళ్లున్నది ఎందుకు?"

కొరికింది. చాలాసేపు నమిలింది. "కుడివైపు కాస్త గుచ్చుతోందే," అంటూ తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "వెళ్లు, ఎలాగూ ఒక్కచోట కూర్చోవుగా!"

ఆమె వంటింటి దీపం కింద నిలబడి ఆ మూలను గరుకు కాగితంతో రుద్దింది, వేలితో తడిమింది, మళ్లీ రుద్దింది. "అయిపోయిందక్కా, వచ్చేస్తున్నా," అని కేకేసింది. కుళాయి కింద కడిగి గదిలోకి వచ్చింది.

అక్క తల దిండు మీద పక్కకు వాలి ఉంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఆమె పిలిచింది. భుజం పట్టుకుంది. చెంప మీద చెయ్యి పెట్టి, అలాగే మంచం అంచున కూర్చుండిపోయింది.

తర్వాత సెట్టును తన కొంగుతో తుడిచి, మళ్లీ తడిచేసి, అక్క పెదవి మెల్లగా ఎత్తి లోపలికి జరిపింది. కొక్కేలు పట్టుకున్నాయి. కుడివైపు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో చూసింది. అప్పుడే వెళ్లి తలుపు తీసి పక్కింటావిడను పిలిచింది.

దిండు పక్కన పళ్లెంలో ఆపిలు ఉంది. ఒక్కటే గాటు. లోతుగా, మూడు పళ్లూ దిగిన గాటు. దాని అంచులు అప్పుడప్పుడే రంగు మారుతున్నాయి.