‘పో’ అనకూడని కుక్కలు

డ్రిల్లు మాస్టారు రిటైరై ఆరేళ్లయినా ఆయన మెడలోంచి విజిలు మాత్రం దిగలేదు. చేతికింద పిల్లలు లేని లోటు తీర్చుకోడానికి రెండు కుక్కల్ని తెచ్చుకుని, పెద్దదానికి కెప్టెన్ అనీ, చిన్నదానికి వైస్ కెప్టెన్ అనీ పేర్లు పెట్టారు. రోజూ పొద్దున్న ఆరింటికి పెరట్లో వాటిచేత కసరత్తు చేయిస్తారు. “నా కుక్కలు ఆర్డరు లేనిదే అడుగు తీసి అడుగు వెయ్యవు” అని వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతారు, అడిగినా అడక్కపోయినా.

ఆ కుక్కలే పది రోజుల్లో రెండోసారి పక్కింటి మేకల మీద పడ్డాయి.

పక్కిల్లు బస్సు కండక్టరుది. మేకలు మాత్రం ఆయనవి కావు, ఆయన తల్లివి. పదకొండు మేకలు. ఆ పదకొండింటికీ పదకొండు రకాల అలకలు, అవన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. కోడలు ఈ ఇంటికి తొమ్మిదేళ్ల క్రితం ఒక డిగ్రీతోనూ, మేకలంటే భయంతోనూ వచ్చింది. డిగ్రీ పెట్టెలో ఉంది. భయం ఎప్పుడు పోయిందో ఆవిడకే గుర్తులేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం కోడలు పెరట్లో దుప్పటి పిండుతోంది. రెండిళ్ల మధ్య గోడ మొన్నటి వానకి తలుపంత మేర కూలిపోయింది. అందులోంచి కెప్టెన్, దాని వెనక వైస్ కెప్టెన్, చుట్టపుచూపుగా వచ్చినట్టు తోకలూపుకుంటూ వచ్చి, మేకల కుడితితొట్టి వాసన చూశాయి.

“పో! పో!” అని కోడలు తడిదుప్పటి విసిరింది.

అంతే. రెండిటికీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. దూకాయి.

డ్యూటీ దిగొచ్చి నడుం వాల్చిన కండక్టరు బనీనుతో బయటికి పరుగెత్తుకొచ్చి, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లని బెదిరించే గొంతుతో “పో! పో! పో!” అని అరిచాడు. ఆయన అరిచినకొద్దీ కుక్కలకి హుషారెక్కింది. అత్తగారు గడ్డి కోస్తున్న కొడవలి పక్కన పడేసి వచ్చింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గోడకి ఆనించి ఉన్న పాత రేకు ఈడ్చుకొచ్చి మేకలకీ కుక్కలకీ మధ్య అడ్డంపెట్టి నిలబడింది. ఇంతలో గోడ అవతల మాస్టారు కుక్కల్ని అన్నానికి కేకేసినట్టున్నారు, రెండూ పట్టింది పట్టినట్టు వదిలేసి వెళ్లిపోయాయి.

ఒక మేకపిల్ల తొడ మీద కాటు పడింది. చూడి మేక ఒకటుంది, నడకలో దర్జా చూసి దాన్ని అందరూ జమీందారిణి అంటారు. అది బెదిరి గోడకి గుద్దుకుని, కూలబడి రొప్పుతోంది.

అత్తగారు పిల్లని ఒళ్లో పెట్టుకుని కుళాయి కింద కూచుంది. “గడియారం చూడమ్మాయ్. పావుగంట అయ్యాక చెప్పు” అంది. సబ్బు రాసింది, కడిగింది, మళ్లీ రాసింది. “పైకి రెండు చుక్కలే కనిపిస్తాయి. లోపల సొరంగం ఉంటుంది. కుక్క కాటుకి తొందరపడి కట్టు కట్టకూడదు.” పశువుల డాక్టరు వచ్చి సూదిమందు వేసి, “మీరు కడిగినట్టు మా కాంపౌండరు కూడా కడగడండీ” అన్నాడు. ఆవిడ ఆ మాట వినిపించుకోలేదు. అప్పటికే జమీందారిణి పక్కన చేరి, దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. గంటసేపు అలాగే ఉండి, కళ్లు తెరిచి, “కదిలింది” అంది. అప్పుడు గానీ కోడలు గడియారం మీంచి చూపు తిప్పలేదు.

కండక్టరు కూలిన గోడ దగ్గరికి వెళ్లి మాస్టారిని పిలిచాడు.

“నా కుక్కలా? అసంభవం” అన్నారు మాస్టారు. “ఆర్డరు నేనిచ్చానా? ఇవ్వలేదు. మరెలా వస్తాయి?”

“టికెట్టు లేకుండా వచ్చాయి మాస్టారూ! కళ్లారా చూశాను.”

“మీ మేకలే రెచ్చగొట్టి ఉంటాయి. ఆ గడ్డం మేక చూపు ఎప్పుడైనా గమనించావా? క్రమశిక్షణ లేని చూపు.”

కండక్టరు ఇంట్లోకి వచ్చి చెప్పులు విసిరికొట్టాడు. “అమ్మా, ఇంక నావల్ల కాదు. ఆయన ఒప్పుకోడు, గోడ కట్టడు. రోజూ బస్సులో నిలబడి ఇక్కడ ఏం జరుగుతోందో అని చావాలా? ఇవాళ మేకని పట్టాయి, రేపు అడ్డమొచ్చిన నిన్ను పడతాయి. ఆదివారం బేరగాణ్ణి రమ్మంటున్నా. పదకొండూ ఒకేసారి ఇచ్చేద్దాం.”

కోడలు అత్తగారి మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకుంది, కనీసం అరుస్తుందనుకుంది.

“ఆదివారం అన్నావుగా” అంది ఆవిడ. “అందాకా నా జోలికి రాకు.”

బుధవారం పొద్దున్నే ఆవిడ గోడ కూలినచోట రేకు నిలబెట్టి, దానికి దన్నుగా పాత మంచం వేసింది. అక్కడే తొట్టి ఒకటి బోర్లించుకుని, చిక్కుడుకాయల బుట్టతో కూచుని, రేకు సందులోంచి పక్క పెరట్లోకి చూడటం మొదలుపెట్టింది. గురువారమూ అంతే. కోడలు కాఫీ ఇవ్వడానికి వెళ్లి బుట్టలోకి చూసి కంగారుపడింది. గింజలు ఎప్పుడో ఒలవడం అయిపోయింది. ఆవిడ ఖాళీ తొక్కల్ని మళ్లీ ఒలుస్తోంది. మేకలు పోతాయన్న దిగులుతో మనిషి ఏమైపోతుందో అని కోడలికి రాత్రి నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఆరు దాటాక అత్తగారు చెయ్యూపి పిలిచింది.

“ఆ రోజు కుక్కల్ని చూసి నువ్వేమన్నావ్?”

“ఏమంటానత్తయ్యా? పో అన్నాను.”

“మీ ఆయన?”

“అదే. ఇంకాస్త గట్టిగా.”

“అంతకుముందు వచ్చినప్పుడు?”

“అప్పుడూ పో అనే అన్నాం. కుక్కనెవరైనా ఇంకేమంటారు?”

“ఇటు రా. గొంతెత్తకు. ఈ సందులోంచి చూడు.”

అవతల మాస్టారు నిక్కరు వేసుకుని అటెన్షన్‌లో నిలబడి ఉన్నారు. చేతిలో బంతి. విసిరి, “కెప్టెన్! పో!” అన్నారు. కెప్టెన్ బాణంలా దూసుకెళ్లి బంతిని పళ్లతో పట్టి, తల అటూ ఇటూ విదిలించి మరీ కొరికింది. “వైస్ కెప్టెన్! పో!” అదీ వెళ్లి ఇంకో బంతి పట్టింది. అప్పుడు మాస్టారు ఛాతీ విరిచి, పెళ్లిపెద్దలా, “దయచేయండి!” అన్నారు. రెండూ బంతులు వదిలేసి వచ్చి, ముందుకాళ్లు జతచేసి ఆయన కాళ్ల దగ్గర కూచున్నాయి.

కోడలు నోరు తెరిచింది. “అంటే... మనమే...”

“మనమే. ఊరికే వాసన చూసి పోదామని వచ్చాయి. మనం పని చెప్పాం. పాపం, అంతమంది చెబుతుంటే మెచ్చుకుంటున్నాం కాబోలనుకుని ఇంకా గట్టిగా పట్టాయి.”

కోడలు డిగ్రీలో సైకాలజీ ఒక పేపరుగా చదివింది. కుక్కలకి అలవాట్లు ఎలా పడతాయో పదమూడు పేజీలు బట్టీపట్టి, అరవై రెండు మార్కులు తెచ్చుకుంది. ఆ అరవై రెండూ ఇప్పుడు తొట్టి మీద కూచున్న ఈ మనిషి కాళ్ల దగ్గర పెట్టేయాలనిపించింది. తన మేకని కరిచిన కుక్కని చూసి పాపం అనగలగడం ఏ పేపర్లోనూ లేదు.

“ఆయనకి చెప్పొస్తాను.”

“ఆగు. చెబితే వీడు నమ్మడు, మాస్టారు ఒప్పుకోడు. ఇద్దరూ కళ్లతో చూడాలి.”

“ఎలా మరి?”

“అదే తెలియట్లేదు” అంది అత్తగారు నిజాయితీగా. “చూపించడానికని మేకల్ని ఎరవెయ్యలేనుగా.”

ఆదివారం పదింటికి బేరగాడు వ్యానుతో సహా దిగాడు. బొద్దుగా ఉంటాడు, మాటకి ముందు ఆయాసం వస్తుంది. మేకల వెన్ను మీద వేళ్లతో నొక్కి చూస్తూ వచ్చాడు. జమీందారిణి దగ్గరికి వచ్చేసరికి అది మొహం పక్కకి తిప్పేసుకుంది. అత్తగారు మేకల మధ్య నిలబడి, ఒక్కోదాని పేరూ, అది తినేదీ, తిననిదీ అతనికి చెబుతోంది. ఒక్కదాన్ని కూడా వదల్లేదు. కోడలే చూడలేక లోపలికి వెళ్లబోయింది.

అప్పుడు బేరగాడికి ఆయాసమొచ్చి, ఎవర్నీ అడక్కుండా రేకుకి దన్నుగా ఉన్న మంచం నీడలోకి లాక్కుని కూచున్నాడు. రేకు ధడాలున పడింది. ఆ చప్పుడుకి కెప్టెన్, వైస్ కెప్టెన్ పరుగున వచ్చాయి.

“అమ్మో కుక్కలు!” బేరగాడు మంచమెక్కి నిలబడ్డాడు. “పో! పో!”

కెప్టెన్ చెవులు లేచాయి. చూపు తిన్నగా జమీందారిణి మీద నిలిచింది. కండక్టరు నోరు తెరవబోయాడు. కోడలు ఒక్క ఉదుటున వెళ్లి మొగుడి నోరు అరచేత్తో మూసేసింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ అవకాశం రావడం అదే మొదలు.

అత్తగారు పరుగెత్తలేదు. నడిచి వెళ్లి కుక్కలకి ఎదురుగా, జమీందారిణికి అడ్డంగా నిలబడింది. ఛాతీ విరిచి, ఎంతో మర్యాదగా అంది:

“దయచేయండి!”

దూకబోతున్న కెప్టెన్ గాల్లోనే మనసు మార్చుకున్నట్టు ఆగింది. రెండూ వచ్చి, ముందుకాళ్లు జతచేసి, నాలుకలు వేలాడేసుకుని ఆవిడ పాదాల దగ్గర కూచున్నాయి.

బేరగాడు మెల్లిగా మంచం దిగాడు. “వెళ్లమంటే వెళ్తానమ్మా” అన్నాడు చిన్నబుచ్చుకుని. “ఇంత మర్యాదగా దయచేయమంటూ, కుక్కల్ని కూడా చూపించాలా?” చేతిసంచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. వీధిలో వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది.

కండక్టరు నోరు విడిపించుకున్నాడు. “అదేమిటే, అమ్మ అన్నది ఆయన్ని కాదుగా!”

“ఊరుకోండి. ఇప్పుడు మీరు హోల్డాన్ అన్నా ఆ బండి ఆగదు.”

కండక్టరు తల్లినీ, ఆవిడ కాళ్ల దగ్గర కూచున్న కుక్కల్నీ చాలాసేపు చూశాడు. “మళ్లీ పిలవనులే” అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు.

గోడ అవతల మాస్టారి తల ఎప్పుడు లేచిందో, మొహం వెలిగిపోతోంది. “చూశారా! ఆర్డరంటే అదీ!”

“చూశాం అన్నయ్యగారూ” అంది అత్తగారు. “మీరన్నది అక్షరాలా నిజం. ఆర్డరు లేనిదే అవి మేకల జోలికి రాలేదు. పో, పో అని రెండుసార్లూ మేమే ఇచ్చాం. ఇవాళ బేరగాడిచ్చాడు.”

మాస్టారి విజిలు పెదాల దాకా వెళ్లి మళ్లీ కిందికి దిగింది. “అది... పో అన్నది చాలా శాస్త్రీయమైన ఆర్డరు చెల్లెమ్మా. ఒక్కటే అక్షరం.”

“ఒక్కటే. కుక్కని చూస్తే లోకంలో ప్రతి నోట్లోంచీ వచ్చే అక్షరం కూడా. రేపు వీధిలో ఏ పసిదో జడుసుకుని పో అంటే?”

మాస్టారు గోడ కూలినచోటు నుంచి ఇవతలికి వచ్చి, కాటు పడిన మేకపిల్ల దగ్గర వంగారు. వెంట్రుకలు తీసేసిన తొడ మీద రెండు చుక్కలు చూశారు. దాని చెవి వెనక కాసేపు నిమిరారు. లేచేసరికి ఆయన గొంతు తగ్గింది.

“మాట మార్చాలి. ఎవరి నోటా పొరపాటున కూడా రానిది కావాలి. ఏం పెట్టమంటావ్ చెల్లెమ్మా?”

అత్తగారు ఆలోచిస్తున్నట్టు ఆకాశంలోకి చూసింది. ఆవిడ ఆలోచించడం ఎప్పుడో అయిపోయిందని కోడలు గ్రహించింది.

“‘తప్పు నాదే’ అని పెట్టుకోండి.”

పక్కింటి వంటింటి కిటికీలోంచి గిన్నె జారిపడిన చప్పుడు, దాని వెంట మాస్టారి భార్య నవ్వు వినిపించాయి. “అదే పెట్టండి! ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ ఇంట్లో వినపడని మాట. కుక్కలకి బొత్తిగా కొత్తగా ఉంటుంది!”

మాస్టారు కిటికీ వైపు చూశారు, అత్తగారి వైపు చూశారు, మళ్లీ ఆ పిల్ల వైపు చూశారు. గట్టిగా దగ్గారు. “నాలుగక్షరాలు” అన్నారు. “పలకడానికి బాగానే ఉంది.”

ఆ వారమే గోడ లేచింది. ఇటుకలు మాస్టారే మోశారు, సిమెంటు కండక్టరు కలిపాడు. కుక్కలకి పాత మాట మరిపించి కొత్త మాట నేర్పడానికి మూడు వారాలు పట్టింది. మాస్టారికి నోరు తిరగడానికి అందులో ఒక వారం పట్టిందని ఆయన భార్య చెప్పింది. జమీందారిణి రెండు పిల్లల్ని పెట్టి, ఇప్పుడు మునుపటికన్నా బిగువుగా నడుస్తోంది.

ఇప్పుడు రోజూ ఆరింటికి, వీధి వీధంతా వినపడేలా, మాస్టారు ఛాతీ విరిచి అరుస్తారు: “కెప్టెన్! తప్పు నాదే! వైస్ కెప్టెన్! తప్పు నాదే!” పాలు పోసేవాడు సైకిలు దిగి మరీ వింటాడు. కోడలు ఆ వేళకి వంటింటి కిటికీ బార్లా తెరిచి, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుకుంటుంది. పెరట్లో అత్తగారు మాత్రం తలెత్తదు. మొహంలో ఒక్క గీత కూడా కదలనివ్వకుండా, చేతిలో ధార తప్పకుండా మేకపాలు పితుకుతూనే ఉంటుంది. మేకల గురించి అత్తగారి దగ్గర కోడలు చాలా నేర్చుకుంది గానీ, ఈ ఒక్క విద్య మాత్రం ఇంకా పట్టుబడలేదు.