పది నిమిషాల నియమం

నా చెల్లికి వచ్చిన క్యాన్సర్ ఎంత అరుదైనదంటే, దానికి మందు కనిపెట్టినా కొనేవాళ్లు పట్టుమని వెయ్యిమంది ఉండరు. కనుక ఏ మందుల కంపెనీ దాని జోలికి పోలేదు. కనుక పరిశోధనకు విరాళాలు కావాలి; విరాళాల కోసం ఈ పరుగు. పరిశోధన మొదలైతే అందులో చేర్చుకునే మొదటి పన్నెండుమందిలో చెల్లికి చోటు దొరకవచ్చు. మూడు నెలలుగా ఈ గొలుసును పట్టుకునే లేచి తిరుగుతున్నాను.

ఆదివారం ఉదయం మైదానంలో, నంబర్లు పంచే గుడారం పక్కన, పరిశోధన నడిపే డాక్టరు కలిశాడు. వచ్చే నెలలోనే మొదలుపెడతామన్నాడు.

"మీ చెల్లెలిగారి కణితి ముక్క ఫ్రీజర్‌లో దాచారు కదండీ? తీసిన వెంటనే గడ్డకట్టించిన కణాల మీదే మా పరీక్ష."

చెల్లికి ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు ల్యాబు నడిపినదాన్ని. ముక్క అందుకున్న టెక్నీషియన్ నా శిష్యుడే. వేళ తప్పడని అందరూ గడియారం అంటారు. అతను అక్కడే చొక్కాకు నంబరు గుచ్చుకుంటున్నాడు. పిలిచి అడిగాను.

"ఫ్రీజర్ ఎందుకు మేడమ్? మొత్తం ఫార్మలిన్‌లోనే వేశాను. మీ సొంత చెల్లెలి కేసు కదా, పది నిమిషాలు కూడా పట్టనివ్వలేదు. నాలుగే!"

డాక్టరు తల దించుకున్నాడు. ఫార్మలిన్‌లో మునిగిన ముక్క కుళ్లదు. ఈ పరీక్షకు మాత్రం పనికిరాదు; పరీక్ష లేనిదే చోటు లేదు. మళ్లీ కోద్దామంటే, మిగిలిన కణితి గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుపోయి ఉంది.

ఎవరి ముక్కయినా పది నిమిషాల లోపు మొత్తంగా ఫార్మలిన్‌లో పడాలన్న నియమం రాసింది నేనే. అంతకుముందు ముక్కలు పాడైపోయి రోగమేదో తేలేది కాదు, ఆ నియమం వచ్చాక తేలసాగింది. కొంత గడ్డకట్టించి దాచుదామని ఒక చిన్న డాక్టరమ్మ అడిగితే, ముందు ఉన్న పని సరిగ్గా చేయమని నోరు మూయించిందీ నేనే.

గడియారం నా ముఖంలోకి చూశాడు. "ఏమైనా తప్పు చేశానా మేడమ్?"

"లేదు. నేను చెప్పినట్టే చేశావు. వెళ్లు, మొదలవుతోంది."

పరుగు మొదలయ్యే గీత దగ్గర చెల్లి కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్లో ఆకుపచ్చ జెండా.

"ఏమంటాడక్కా డాక్టరు? నాకు చోటుందంటాడా?"

"పరుగయ్యాక చెబుతానన్నాడు."

"అయితే ఆ గడియారాన్ని కాస్త గబగబా కదలమను. ఆ పొట్టేసుకుని వాడు తిరిగొచ్చేసరికి నేనుండొద్దూ!"

జెండా ఎత్తింది, చెయ్యి సగంలోనే ఆగింది. మోచెయ్యి కింద నా చెయ్యి పెట్టి పైకి లేపాను. రెండువందల మంది కదిలారు.

మొదటి చుట్టు ముగించి గడియారం మా ముందు నుంచే వెళ్లాడు, చెమటలు కక్కుతూ, చేతివాచీ మాకు చూపిస్తూ. చప్పట్లు కొట్టమని చెల్లి నన్ను పొడిచింది. కొట్టాను.