మూడు చిల్లుల ఆపరేషన్

పుంగనూరులో హార్డ్‌వేర్ అంగడి నడిపే మునిచంద్రకు పొత్తికడుపు కింద కుడిపక్కన ఒక ఉబ్బు కనిపించినప్పుడు మొదట భయం వేసింది. భయం కాస్త సర్దుకున్నాక, ఎవరికీ చెప్పుకోలేని సంతోషం ఒకటి మెల్లగా మొదలైంది.

ఆ సంతోషానికి కారణం అతని భార్య శాంతకుమారికి అన్న అయిన దాసప్ప. మదనపల్లెలో టమోటా మండీ ఉన్న దాసప్పకు తొంభై ఒకటిలో ఇదే జబ్బుకు, అంటే హెర్నియాకు, ఆపరేషన్ అయింది. జానెడు కోత కోసి, జారిన పేగును లోపలికి తోసి, కండను కండకు లాగి కుట్టారు. ఆసుపత్రి నుంచి ఆయన తన ఇంటికి పోలేదు. "మీ వదినకు ఓపిక లేదమ్మా, నీ చేతి గంజి తాగితేనే నేను లేచేది" అని చెల్లెలి ఇంటికొచ్చి, వీధిగదిలో మునిచంద్ర మంచాన్ని ఆక్రమించాడు. నెల దాటినా దిగలేదు. చూడవచ్చినవాళ్లు తెచ్చిన బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్సు సీసాలు గూట్లో పట్టక, అంగట్లోని అలమరా ఒకటి ఇంటికి మోయించాల్సి వచ్చింది. కరెంటు పోతే విసనకర్ర పట్టింది మునిచంద్ర. పక్క దులిపి వేసింది మునిచంద్ర. దాసప్పకు తుమ్ము వచ్చేట్టుంటే పరుగెత్తుకొచ్చి దిండుతో పొట్ట అదిమి పట్టింది కూడా మునిచంద్రే.

ఆ తర్వాత ఇన్నేళ్లలో దాసప్ప చెంబెడు నీళ్లు తానుగా ముంచుకున్న పాపాన పోలేదు. పెళ్లింట్లో బియ్యం మూటలు దించుతుంటే "నేను ఆపరేషనయిన మనిషినప్పా" అంటూ కుర్చీ లాక్కునేవాడు. బస్సులో అదే మాటకు సీటు దొరికేది. ఇంట్లో పంచాయితీ వస్తే అదే మాటకు తీర్పు ఆయన వైపే మొగ్గేది.

అందుకే ఉబ్బు చూసుకున్న మునిచంద్ర మనసులోనే మంచం వాల్చుకున్నాడు. టీవీని ఏ గోడకు పెడితే పడుకుని చూడడానికి వీలుగా ఉంటుందో ఆలోచించి పెట్టుకున్నాడు. అంగడి చూసుకోవడానికి తమ్ముడి వరసయ్యే అంకయ్యను గంగవరం నుంచి పిలిపించాడు. అన్నీ కుదిరాక దాసప్పకు ఫోన్ చేశాడు.

"బావా, నాకూ వచ్చిండాది, అదే. ఈసారి నువ్వొచ్చి నా కాడ ఉండల్ల."

"నాకొచ్చినంతదా?" అని అడిగాడు దాసప్ప.

"నిమ్మకాయంత ఉంటాది."

"నిమ్మకాయా! అదీ ఒక జబ్బేనా? నాది బెంగుళూరు మామిడికాయంత ఉండె" అని దాసప్ప ఫోన్ పెట్టేశాడు.

కుప్పం దగ్గర పెద్దాసుపత్రిలో మంచి వైద్యం చేస్తారని విని, మునిచంద్ర శాంతకుమారిని వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. సర్జన్ ఎవరో ముందుగా కనుక్కోకపోవడం అతను చేసిన పొరపాటు. గదిలో ముప్పై ఏళ్లు దాటిన ఒకామె కూర్చుని ఉంది. పేరు హరిత. చేతులు కడుక్కుని వచ్చి, "పంచె కొంచెం సడలించండి" అంది.

మునిచంద్ర గోడను చూశాడు. "డాక్టరు ఎప్పుడొస్తాడమ్మా?"

"వచ్చేశాను. మీరే ఆలస్యం చేస్తున్నారు."

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మునిచంద్ర కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తనకెవరూ కనబడకపోతే తానూ ఎవరికీ కనబడనని నమ్మినవాడిలా నిలబడ్డాడు.

"ముఖం పక్కకు తిప్పి దగ్గండి" అంది డాక్టర్.

అతను సిగ్గుగా గొంతు సవరించుకున్నాడు.

"అది దగ్గు కాదు. బస్టాండులో ఉన్నవాళ్లకు వినపడాలి."

ఈసారి నిజంగానే దగ్గాడు. ఆమె వేళ్ల కింద ఉబ్బు ఎగిరిపడింది. "ఇదిగో దొరికింది. పడుకుంటే లోపలికి పోయి దాక్కుంటుంది, నిలబడి దగ్గితే బయటికొస్తుంది. దీన్ని పట్టుకోవడానికి మామూలుగా ఇంత చాలు. అనుమానం ఉన్నవాళ్లకే స్కానింగు" అంటూ కూర్చుని, సొరుగులోంచి తెల్లని వల ముక్క ఒకటి తీసింది. "పూర్వం కండలను లాగి కుట్టేవాళ్లు. లాగి కుట్టింది ఎప్పుడూ బిగువు మీదే ఉంటుంది కాబట్టి కొందరికి ఏళ్లు గడిచాక మళ్లీ విడిపోయేది. ఇప్పుడు లాగం. బలహీనమైన చోట లోపలి నుంచి ఈ వల పరుస్తాం. దాని మీద కండ అల్లుకుంటుంది."

వల చేతికి రాగానే మునిచంద్రకు సిగ్గు ఎగిరిపోయింది. వెలుతురుకు పట్టి చూశాడు. అటూ ఇటూ లాగి చూశాడు. "మెష్షా! ఇటికె గోడా కాంక్రీటూ కలిసే కాడ పగులు రాకుండా కోళ్ల మెష్షు కొట్టి పూత పూస్తారే, ఆ మాదిరా?"

"ఇంచుమించు అంతే."

"తుప్పు పట్టదా మేడం?"

"ప్లాస్టిక్ దారం. పట్టదు."

"జరక్కుండా మేకులేమన్నా?"

"చిన్న చిన్న మేకుల్లాంటివే కొడతాం."

సరుకు విషయంలో మునిచంద్రకు తృప్తి కలిగింది. ఇక అసలు సంగతికి వచ్చాడు. "మంచం మీద ఎన్నాళ్లు ఉండల్ల మేడం?"

"మంచమెందుకు? బొడ్డు దగ్గర ఒకటి, పక్కన రెండు, మూడే చిల్లులు. పొట్టలోకి గాలి ఎక్కించి, కెమెరాతో చూస్తూ చేస్తాం. సాయంత్రానికి నడుస్తారు. మర్నాడు ఇంటికి పోవచ్చు. తర్వాత మూడు నాలుగు రోజుల్లో అంగట్లో కూర్చోవచ్చు. బరువులు మాత్రం కొన్ని వారాలు ఎత్తకూడదు."

మునిచంద్ర ముఖం వాడిపోయింది. "పొడుగ్గా కోసేది ఇంగొకటుంది గదా మేడం. అది చెయ్యరా?"

"అందరూ చిన్న కోత అడుగుతారు."

"నాకు పెద్దదే ఇష్టం."

"కోసి చేసినా ఇదే వల పెడతాను. మహా అయితే ఇంకొక్క రోజు ఉంచుతాను" అందామె, అతని రోగం ఎక్కడుందో కొంచెం కొంచెంగా అర్థమవుతుంటే.

చేసేదిలేక చిల్లులకే ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ ఏ లోపమూ లేకుండా జరిగింది. మర్నాడు పుంగనూరులో జీపు దిగి, అవసరం లేకపోయినా భార్య భుజం పట్టుకుని, ఆగి ఆగి అడుగులు వేశాడు. ఎదురింటి మునెమ్మ అరుగు దిగి వచ్చింది. అదే అరుగు దిగి ఆమె ఒకప్పుడు దాసప్ప కోసం ఏడ్చింది.

"ఏమప్పా, పోయిన కాళ్లతోనే తిరిగొచ్చినట్టుండాదే. బయపడి ఎగబారినావా?"

"ఆపరేషనయిందత్తా."

"యాడ?"

అతను గర్వంగా చొక్కా ఎత్తాడు. మునెమ్మ లోపలికి పోయి అద్దాలు పెట్టుకొచ్చి, వంగి, మూడు ప్లాస్టర్లనూ పరీక్షగా చూసింది. "దోమ కుట్టినట్టుండాది" అంది.

దానికి తోడు భుజం నొప్పి పట్టుకుంది. పొట్టలో ఎక్కించిన గాలి కొంత మిగిలితే భుజం లాగుతుందనీ, రెండు రోజుల్లో పోతుందనీ డాక్టర్ ముందే చెప్పింది. ఆ మాట మునిచంద్ర ఎంతమందికి చెప్పినా ఒక్కరికీ ఎక్కలేదు. బొడ్డు కాడ కోస్తే బుజం నొప్పేందని నవ్వారు. సాయంత్రానికి ఊళ్లో కథ తయారైంది. మునిచంద్ర కత్తిని చూసి ఆసుపత్రి మెట్ల మీద పరుగెత్తి, జారిపడి, భుజం బెణికించుకుని వచ్చాడట. బత్తాయి ఒక్కటీ రాలేదు. చూడటానికని వచ్చిన ఒకే ఒక మనిషి పక్కింటి గోపాలస్వామి. ఆయన కూడా, ఎటూ తిరుగుతూనే ఉన్నావు కదా, అంగడి తెరిచి ఒక పైపు ఎల్బో ఇవ్వమని అడిగాడు.

అంకయ్య మూడో నాడే తాళాలు తెచ్చి చేతిలో పెట్టాడు. "నువ్వు నాకంటే బాగుండావన్నా" అని గంగవరం బస్సెక్కాడు. శాంతకుమారి అయినా జాలిపడుతుందనుకుంటే అదీ లేదు.

"మా అన్నను లేపాలంటే ఇద్దరం పట్టుకుంటాంటిమి. మీరు కాపీ అయిందా అని వంటింట్లోకి నడిచొస్తాండారు" అంది.

"కాపీ నువ్వు తేకపోతే ఏం చేసేది?"

"పండుకోనుంటే తెచ్చేదాన్నే."

దాసప్ప ఆదివారం వచ్చాడు. ఆయన వచ్చాడని తెలిసి మునెమ్మ, గోపాలస్వామి కూడా వచ్చారు. మునిచంద్ర కోసం రాని జనం దాసప్ప కోసం వచ్చారు! ఆయన నేరుగా పోయి మంచం మీద కూర్చున్నాడు. మునిచంద్ర స్టూలు వేసుకున్నాడు.

"యాదీ, సూపించు" అని ప్లాస్టర్లు చూసి, దాసప్ప కడుపారా నవ్వాడు. "దీన్ని ఆపరేషనంటారా? ఇంజక్షనంటారు."

మునిచంద్రకు కడుపు మండిపోయింది. "నీదీ నాదీ ఒకే జబ్బు బావా. డాక్టరమ్మే చెప్పె."

"ఒకటెట్లవుతాదప్పా!" దాసప్ప లేచి గది నడుమ నిలబడ్డాడు. "సూడండి. ఆపరేషనంటే ఇదీ!" అని చొక్కా పైకెత్తి, పంచె అంచు ఒకింత కిందికి జరిపాడు. తెల్లగా మెరుస్తున్న పొడుగాటి మచ్చ కనిపించింది. మునెమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఆ గౌరవానికి ఉబ్బిపోయిన దాసప్ప గొంతు పెంచాడు. "ఆ పొద్దు డాక్టరేమన్యాడు? దాసప్పా, నీ మాదిరి గుండె ధైర్యం ఉండే మనిషిని నేను..."

అంతలో పొలమారింది. దగ్గాడు. దగ్గుతోపాటే మచ్చ పక్కన ఏదో ఎగిరిపడింది.

మునిచంద్ర స్టూలు మీదినుంచి లేచాడు. "బావా, ఇంగొకసారి దగ్గు."

"యాల?" దాసప్ప పంచె గబుక్కున పైకి లాక్కున్నాడు.

"మొకం పక్కకు తిప్పి దగ్గు."

"దగ్గను."

దగ్గనని ఆయన అన్నాడు కానీ లోపలున్న దగ్గు ఒప్పుకోలేదు. ఆపుకోబోయి ముఖం ఎర్రగా చేసుకుని, చివరికి గది అదిరేట్టు దగ్గాడు. లోపల నడుముకు కట్టుకుని, ఇందాక పంచెతోపాటే కిందికి జరిపిన గుడ్డపట్టీ ముడి ఊడి కాళ్ల మీద పడింది. ఉబ్బు పంచె మీదినుంచే కనిపించింది.

"మళ్లీ వచ్చినట్టుండాదే!" అన్నాడు గోపాలస్వామి.

తనను చూసి ఊరంతా నవ్విన నవ్వు తిరిగి ఇచ్చేయడానికి మునిచంద్రకు ఇంతకంటే మంచి అదను దొరకదు. మాటలు నాలుక చివరికి వచ్చాయి కూడా. కానీ దాసప్ప మంచం అంచున కూలబడి, ఆ పట్టీని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నేల చూస్తున్నాడు. అంత పెద్ద మనిషి ఉన్నట్టుండి చిన్నగా కనిపించాడు. మునిచంద్ర మునెమ్మనూ గోపాలస్వామినీ వీధిలోకి పంపి తలుపు దగ్గరగా వేశాడు.

"ఎప్పటి నుంచి బావా?"

"రెండేండ్లు దాటింది."

"యాల చెప్పలే?"

"చెప్తే మళ్లీ కొయ్యరా?" అన్నాడు దాసప్ప, చెల్లెలికి వినపడకుండా.

ఆయన్ను కుప్పం దాకా తీసుకుపోవడానికి శాంతకుమారి ఏడవాల్సి వచ్చింది, మునిచంద్ర తన మూడు చిల్లులూ మళ్లీ మళ్లీ చూపించాల్సి వచ్చింది. బస్సు పలమనేరులో ఆగినప్పుడు దాసప్ప టీ తాగొస్తానని దిగబోయాడు. టీ పేరుతో మదనపల్లె బస్సెక్కేస్తాడని మునిచంద్ర చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

డాక్టర్ హరిత పాత మచ్చ చుట్టూ వేళ్లతో చూసి, దగ్గించి, ఎందుకైనా మంచిదని స్కానింగు కూడా రాసింది. కుడిపక్క పాతది విడిపోయిందని తేలింది. ఎవరూ అనుకోనిది ఇంకొకటి బయటపడింది. ఎడమపక్కన కూడా చిన్న సందు ఉంది. "పైకి తెలియనిది. ఇప్పుడే కనబడటం మంచిదైంది. అవే చిల్లుల్లోంచి రెండు పక్కలా వల వేసేస్తాను" అందామె.

"రెండా?" అన్నాడు దాసప్ప. భయం మధ్యలోనే మునిచంద్ర వైపు ఒక చూపు చూశాడు. "నీకు ఒకటే గదా?"

పొద్దున ఆపరేషన్ అయింది. సాయంత్రం మునిచంద్ర మందులు కొనుక్కుని వార్డులోకి వచ్చేసరికి దాసప్ప మంచం ఖాళీగా ఉంది. కక్కసులో లేడు, వరండాలో లేడు. సిస్టరు అన్ని గదుల్లోకీ తొంగి చూస్తూ కేకలు వేస్తోంది. మునిచంద్ర మెట్లు దిగి, ఆవరణంతా వెతికి, చివరికి గేటు దాటాడు. ఎదురుగా టీ అంగడి బెంచీ మీద, ఆసుపత్రి చొక్కా, లుంగీతో దాసప్ప కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"బావా! ఎవరు రమ్మన్యారు నిన్ను ఈడికి?"

"నడవమని ఆ సిస్టరే చెప్పె. వరండా చివరిదాకా పోతిని. నొప్పి లేదు. ఇంగ కొంచెం పోదామని పోతిని. అట్లే గేటొచ్చె." ఆయన గొంతులో ఆశ్చర్యం ఇంకా తీరలేదు. పక్కన కూర్చోమని బెంచీ తట్టాడు. "ఆ కాలంలో మీ ఇంట్లో పండుకుంటిని గదా. సొగసుకు పండుకున్యానని అనుకుంటివా నువ్వు?"

మునిచంద్ర వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దగ్గితే పానం పోతాండె అబ్బా. చెల్లెలు బయపడుతాదని గుడ్డ నోట్లో కుక్కుకుంటాంటిని. తగ్గినాక గూడా బరువు ముట్టుకుంటే కుట్లు పిగులుతాయేమోనని బయం. ఆ బయం చెప్పుకోలేక, ఆపరేషనయిన మనిషినని పెద్దగా చెప్పుకుంటా ఉంటిని."

విసనకర్ర విసురుతూ ఆ మూలుగులన్నీ వేషాలే అనుకుని మనసులో తిట్టుకున్న మునిచంద్ర మందుల కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంతలో సిస్టరు గేటు దగ్గరికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "దాసప్పా! మిమ్మల్ని వార్డులో నడవమంటే కుప్పం అంతా తిరుగుతారా?" అని అరిచింది.

దాసప్ప గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు. "ఇంగ రెండు టీ చెప్పప్పా" అన్నాడు మునిచంద్రతో. "నీకొకటి, ఆయమ్మకొకటి. బో కోపంగా ఉండాది."